ఖాళీగా వదిలిన యాభై ఆరు గడులు

టీచరు అర్హత పరీక్ష టెట్ కోచింగ్‌లో ఒకరోజు ఒక బిట్ దగ్గర ఆగిపోయాం. ముప్ఫై ఏళ్ల వ్యక్తి తన పని ఏదో, తాను ఎవరో తేల్చుకోలేక అయోమయంలో ఉన్నాడట. మనస్తత్వవేత్త ఎరిక్‌సన్ ప్రకారం అతడు ఎదుర్కొంటున్న క్లిష్ట పరిస్థితి ఏది? నాలుగు ఆప్షన్లు. వెనక బెంచీలో కూర్చునే ఒకావిడ 'పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం' అని పెట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. ఇంటర్ అవగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు, వాళ్లు హైస్కూలుకొచ్చాక డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ. కీలో మాత్రం 'సాన్నిహిత్యం – ఏకాంతం' అని ఉంది.

"అయోమయమంటే సందిగ్ధమే కదా సార్?"

"అవుననుకో. కానీ వయసు ముప్ఫై అని ఇచ్చాడు చూడమ్మా. సందిగ్ధం పద్దెనిమిదితో అయిపోతుంది."

"ఎవరికి సార్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మార్కు మాత్రం కొట్టేశాను.

ఆ మార్కు ఆవిడకు రావలసిందే. అప్పటికి పదమూడేళ్లుగా ఎరిక్‌సన్ దశల ఎనిమిది వరుసల పట్టికను బోర్డు మీద గీసి, కొండగుర్తులు చెప్పి బట్టీ పట్టించినవాణ్ని నేను. తప్పు ఎక్కడుందో ఆలస్యంగానైనా చెప్పక తప్పదు.

పట్టిక అందరికీ తెలిసిందే. పుట్టిన ఏడాది నమ్మకం లేదా అపనమ్మకం, మూడేళ్లలోపు స్వయంప్రతిపత్తి లేదా సందేహం, బడికి వెళ్లేముందు చొరవ లేదా తప్పు చేశానన్న భావన, బడిలో శ్రమించడం లేదా న్యూనత. పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా గుర్తింపు. తర్వాత నలభై దాకా సాన్నిహిత్యం, అరవై అయిదు దాకా ఉత్పాదకత, ఆపైన సమగ్రత. టెట్ పేపరులో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాజీ 30 మార్కులు. అందులో ఎరిక్‌సన్ బిట్ తప్పదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షలమంది దీన్ని చదివారు, చదువుతున్నారు. చదివినవాళ్లు టీచర్లవుతారు. వాళ్ల నోటి నుంచి తల్లిదండ్రుల మీటింగుకు, అక్కడి నుంచి వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసాలకు, యూట్యూబ్ కౌన్సెలింగులకు చేరింది. చేరేసరికి మిగిలింది ఒకే మాట: ఏ వయసుకా ముచ్చట. ఆ వయసులో అది కుదరకపోతే ఇక జన్మంతా లోటే. దానికి 'మొక్కై వంగనిది మానై వంగునా' తోడు. సామెతా సైన్సూ ఒకటే చెబుతుంటే ఇక కాదనేదెవరు?

నేను కాదంటాను. నా మొదటి సాక్షి ఎరిక్ ఎరిక్‌సనే.

1950లో ఆయన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' అనే పుస్తకం వేశారు. అందులోని పటాన్ని మన నోట్సుల్లో ఎవరూ అచ్చువేయరు. అది ఎనిమిది వరుసల పట్టిక కాదు, ఎనిమిది అడ్డం ఎనిమిది నిలువు గడుల చదరం. మొత్తం అరవై నాలుగు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా ఎనిమిది గడుల్లో మాత్రమే మాటలు రాసి ఉంటాయి. మిగతా యాభై ఆరూ ఖాళీ. అవి చోటు మిగిలిపోయి వదిలేసినవి కావు. గుర్తింపు అన్న సంగతి పసితనం గడిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది, ముసలితనం గడిలోనూ ఉంటుంది, ఒక కాలంలో మాత్రం ముందుకొచ్చి నిలబడుతుంది అని చెప్పడానికే ఆ ఖాళీలు. పైగా పెద్దల దశల దగ్గర ఆ పటంలో వయసుల అంకెలు లేవు. 'యౌవనారంభం', 'పెద్దరికం', 'పరిణతి' లాంటి మాటలే ఉన్నాయి. నమ్మకం, స్వయంప్రతిపత్తి లాంటివి ఒకసారి సంపాదించి బీరువాలో దాచుకునే ఆస్తులు అనుకోవద్దని అదే పుస్తకం అడుగు గమనికలో హెచ్చరించారు కూడా. హెచ్చరిక అడుగున ఉండిపోయింది, పటం పైకి వచ్చింది. పాఠ్యపుస్తకాలవాళ్లు ఏటవాలు గడులను నిటారుగా నిలబెట్టి, పక్కన అంకెలు వేసి, ఖాళీలను కత్తిరించి పారేశారు. వైకుంఠపాళిలో పాములుంటాయి, నిచ్చెనలుంటాయి. మన నోట్సులో నిచ్చెన ఒక్కటే మిగిలింది.

అయితే ఇదంతా పాఠ్యపుస్తకాల పాపమే, ఎరిక్‌సన్‌కు సంబంధం లేదు అని ఆయన అభిమానులు అంటారు. అంత సులువుగా వదలలేం. ఎనిమిది మెట్లు వరసగా గీసినవాడు, జనం వాటిని మెట్లుగానే ఎక్కుతారని ఊహించలేకపోయాడా? ఆ ఎనిమిది కూడా మొదట ఏడే. జోన్ ఎరిక్‌సన్, ఆయన భార్య, ఆ పటం చూసి తమ వయసువాళ్లకు అందులో చోటే లేదని పట్టుకున్నారు. యౌవనం నుంచి ఒక్క దూకున ముసలితనానికి పోయింది పటం. నలభైల్లో ఉన్న ఆ ఇద్దరూ, పిల్లల్ని పెంచుతూ, పుస్తకాలు రాస్తూ, ఏ గడిలోనూ లేరు. అప్పుడు చేరింది 'ఉత్పాదకత'. గీసినవాళ్లే తమను మరిచిపోయిన పటంలో ఇంకెవరెవరు మిగిలిపోయారో మనం అడగకూడదా?

మిగిలిపోయినవాళ్లలో మొదటివాడు వాళ్ల సొంత కొడుకు. 1944లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన నీల్‌ను సంరక్షణ కేంద్రంలో చేర్చి, మిగతా పిల్లలకు పుట్టగానే చనిపోయాడని చెప్పారు. అతడు ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. లారెన్స్ ఫ్రీడ్‌మన్ 1999లో రాసిన జీవితచరిత్రలో ఈ సంగతి వివరంగా ఉంది. ఆ రోజుల్లో డాక్టర్లు ఇచ్చే సలహా అలాంటిదే. తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆరోగ్యకరమైన ఎదుగుదల ఎలా ఉంటుందో ప్రపంచానికి పటం గీస్తున్న ఇంట్లోనే, ఆ పటంలో పట్టని బిడ్డ ఒకడు ఉన్నాడు. మన తరగతుల్లోనూ ప్రత్యేక అవసరాల పిల్లలు ఉన్నారు. వాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారని అడిగే బిట్ నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఇక 'గుర్తింపు పద్దెనిమిదికల్లా తేలాలి' అన్న మాటకు వద్దాం. ఎరిక్‌సన్ 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. సవతి తండ్రి ఇంటిపేరుతో ఎరిక్ హోంబుర్గర్‌గా పెరిగారు. స్కూలు అయ్యాక బొమ్మలు గీస్తూ యూరప్‌లో తిరిగారు. కాలేజీ డిగ్రీ ఏదీ లేదు. ఇరవై అయిదో ఏట వియన్నాలో చిన్న బడిలో టీచరుగా చేరాక, అక్కడ ఆనా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకున్నారు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకుంటూ 'ఎరిక్‌సన్' అన్న ఇంటిపేరు తానే పెట్టుకున్నారు. అంటే ఎరిక్ కొడుకు ఎరిక్. తండ్రి తెలియని మనిషి తనకు తానే తండ్రయ్యాడు. అప్పుడాయన వయసు ముప్ఫై ఏడు. మన కీ ప్రకారం దిద్దితే ఆయనకు ఆ బిట్‌లో సున్నా.

'గుర్తింపు సంక్షోభం' అన్న మాట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. అది టీనేజి పిల్లల దగ్గర పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మౌంట్ జయాన్ ఆసుపత్రి క్లినిక్‌లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల దగ్గర ఆ మాట మొదట వాడినట్టు ఎరిక్‌సనే రాశారు. వాళ్లు నటిస్తున్నవాళ్లు కారు, పిచ్చివాళ్లు కారు. నిన్నటి తానూ ఇవాళ్టి తానూ ఒకటేనన్న వరస తెగిపోయిన పెద్దవాళ్లు. ఆ మాటను ఆయన కుర్రవాళ్లకు అన్వయించింది తర్వాత. ముందు పెద్దవాళ్లలో చూసిన జబ్బును పిల్లల దశగా నామకరణం చేసి, ఇప్పుడు పెద్దవాళ్లకు అది రాకూడదంటున్నాం!

పరిశోధనలు ఏమన్నాయి? ప్రత్యర్థుల చేతిలో ఉన్న గట్టి ఆధారం దాచను. జార్జ్ వైలెంట్ హార్వర్డ్ విద్యార్థులతో 1938లో మొదలైన అధ్యయనాన్నీ, బోస్టన్ పేదవాడల్లోని 456 మంది జీవితాలనూ దశాబ్దాల పాటు పరిశీలించారు. దశలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయన్నది మొత్తం మీద నిజమేననీ, ఒకటి కుదరనివాళ్లకు తర్వాతిది కుదరడం కష్టమేననీ ఆయనకు తోచింది. కానీ ఏ దశ ఏ వయసులో అన్నది మనిషికీ మనిషికీ విపరీతంగా మారిందని కూడా ఆయనే రాశారు. అంటే వరసకు కొంత ఆధారం ఉంది, వయసుకు లేదు. మనం బట్టీ పట్టిస్తున్నదేమో వయసునే. ఇంకొక సంగతి: ఆ రెండు గుంపుల్లోనూ ఆడమనిషి ఒక్కరు లేరు. 2010లో జేన్ క్రోగర్, మోనికా మార్టినుసెన్, జేమ్స్ మార్షియా ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఇరవైలు దాటినవాళ్లలోనూ గుర్తింపు 'సాధించని'వాళ్లు పెద్ద సంఖ్యలోనే కనిపించారు. నడివయసు సంక్షోభం సంగతీ ఇంతే. ఇలియట్ జాక్వెస్ 1965లో కళాకారుల జీవితాలు చూసి పెట్టిన పేరు అది. తర్వాత అమెరికాలో మామూలు జనాన్ని అడిగితే, తమకు అలాంటిది వచ్చిందన్నవాళ్లు నలుగురిలో ఒకరు. వాళ్లలోనూ ఎక్కువమంది కారణం చెప్పింది విడాకులు, చావు, ఉద్యోగం పోవడం లాంటివి. నలభై నిండటం కాదు.

ఆడవాళ్ల విషయంలో ఈ పటం తప్పటడుగు వేయడం కాదు, అసలు అడుగే వేయలేదు. గుర్తింపు ముందు, సాన్నిహిత్యం తర్వాత అంటుంది పటం. అంటే ముందు నువ్వెవరో తేల్చుకో, ఆ తర్వాత తోడు వెతుక్కో. ఆడపిల్లకు వరస అలా ఉండదని ఎరిక్‌సన్‌కు తెలుసు. ఆమె గుర్తింపులో కొంత భాగం రాబోయే మగవాడి కోసం తెరిచి ఉంచుకుంటుందని ఆయనే రాశారు. దాని మీద స్త్రీవాదులు మండిపడ్డారు. హార్వర్డ్‌లో ఆయన దగ్గర బోధనలో పనిచేసిన క్యారొల్ గిలిగన్ 1982లో ఇంకా సూటిగా అడిగారు: వేరే అని తెలిసినప్పుడు పటం ఎందుకు మారలేదు?

మన దగ్గర లెక్క చూడండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వీళ్లకు అయిదో దశ మధ్యలో ఆరోది, దాని వెంటే ఏడోది వచ్చి పడ్డాయి. మెట్ల లెక్క నమ్మితే వీళ్లంతా ఎక్కడో కాలు జారినవాళ్లు. నా క్లాసులో వెనక బెంచీ ఆవిడా అంతే. కానీ కాలు జారిన మనిషి ముప్ఫై ఎనిమిదో ఏట టెట్ నోట్సు పట్టుకుని 'ఎవరికి సార్' అని అడగదు.

ఎరిక్‌సన్ తర్వాత ఈ నిచ్చెనను ఇంకాస్త బిగించింది మార్షియా. 1966లో ఆయన కాలేజీ మగపిల్లలను వృత్తి, మతం, రాజకీయాల గురించి ప్రశ్నలడిగి నాలుగు రకాలుగా విడదీశారు. వెతికి తేల్చుకున్నవాళ్లు అందరికన్నా పైన. వెతకకుండానే ఇంటివాళ్ల దారిని తీసుకున్నవాళ్లది 'ఫోర్‌క్లోజర్'. మనకు ఈ మాట బ్యాంకు లోను దగ్గర తెలుసు. ఇక్కడ అప్పు తీరకముందే జీవితం మూసేసుకున్నట్టు అర్థం. ఇది మనస్తత్వశాస్త్రమా, లేక అమెరికా మధ్యతరగతి కాలేజీ పిల్లవాడు తన్ను తాను మెచ్చుకోవడమా? నేత, కుండ, వ్యవసాయం, వడ్రంగం, పూజారితనం ఇంట్లో పుట్టి అదే పని చేపట్టిన ప్రతివాడూ ఈ లెక్కన మూసుకుపోయిన మనిషే.

చింతకింది మల్లేశం కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. యాదాద్రి జిల్లా శారాజీపేటలో నేత ఇంట పుట్టాడు. ఆరో తరగతితో బడి మానేశాడు. మగ్గం పనిలోకి వెళ్లాడు. పోచంపల్లి చీరకు దారం ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలైతే రాత్రికి భుజం పైకి లేవదు. ఆ నొప్పి చూస్తూ పెరిగినవాడు ఏడేళ్లు తంటాలు పడి, అప్పులు చేసి, ఊళ్లో నవ్వులపాలై, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అతడి పద్దెనిమిదో ఏట మార్షియా ప్రశ్నల కాగితం పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి ఉంటే ఏం రాసేవాడు? వృత్తి: తండ్రిది. వెతుకులాట: లేదు. ఫోర్‌క్లోజర్. అతడి వెతుకులాట అంతా వారసత్వంగా వచ్చిన ఆ పని లోపలే, అమ్మ భుజం చుట్టూనే జరిగింది. ఇంటి పనిని వదిలి పారిపోతే తప్ప మనిషి తనను తాను కనుక్కోలేడన్నది ఒక దేశపు, ఒక కాలపు నమ్మకం. దాన్ని మానవజాతి నియమంగా మన పిల్లలకు నేర్పుతున్నాం.

ఇక్కడ కొందరు పెద్దలు అడ్డొస్తారు. 'పడమటివాళ్లు ఇప్పుడు చెప్పింది మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, బ్రహ్మచర్యం నుంచి సన్న్యాసం దాకా నాలుగు ఆశ్రమాలు ఇవే కదా' అని. ఈ పోలికకు పండితుల మద్దతూ ఉంది. గాంధీ మీద పుస్తకం కోసం అహ్మదాబాద్ వచ్చిన ఎరిక్‌సన్‌ను అక్కడే కలిసిన సుధీర్ కాకర్, 1968లోనే ఆశ్రమాలనూ ఎనిమిది దశలనూ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశారు. (కాకర్ అప్పటికే ఇంజనీరింగు చదివి, అర్థశాస్త్రంలోకి మళ్లారు, ఆ తర్వాత మనోవిశ్లేషణలో తేలారు. పద్దెనిమిది ఎప్పుడో దాటిపోయింది.) పోలిక బాగుంది కానీ ఆశ్రమాల చరిత్ర దానికి ఎదురు తిరుగుతుంది. ప్యాట్రిక్ ఒలివెల్ 1993లో ధర్మసూత్రాలను వరసగా చదివి తేల్చినదేమంటే, మొదట్లో ఆశ్రమాలు మెట్లు కావు. చదువు పూర్తయిన కుర్రవాడు జీవితాంతానికి ఎంచుకోదగ్గ నాలుగు దారులు. గృహస్థుగానే ఉండిపోవచ్చు, గురువు దగ్గరే ఉండిపోవచ్చు, అడవికి పోవచ్చు, సన్న్యాసి కావచ్చు. గౌతముడు, బౌధాయనుడు ఈ వికల్పాన్ని ప్రస్తావించి, గృహస్థం ఒక్కటే ఆశ్రమమని వాదించారు కూడా. మన బ్రాహ్మణ ఇళ్లలో ఎక్కువమంది ప్రవరలో చెప్పుకునే ఆపస్తంబుడి సూత్రంలోనూ చదువు నుంచి నేరుగా సన్న్యాసానికి దారి ఉంది. వాటిని వయసు ప్రకారం ఒకదాని మీద ఒకటి పేర్చింది తర్వాతి కాలం, ముఖ్యంగా మనుధర్మం. అదీ ద్విజ పురుషులకే. అంటే అక్కడా ఇదే జరిగింది: విశాలంగా ఉన్నదాన్ని తర్వాతివాళ్లు నిచ్చెనగా నిలబెట్టారు. మన పూర్వీకులను సాక్ష్యానికి పిలిచేవాళ్లు ఏ పూర్వీకులను పిలుస్తున్నారో ముందు చూసుకోవాలి.

ఎరిక్‌సన్ చేసిన మేలు లేదా? ఉంది. ఫ్రాయిడ్ లెక్కలో మనిషి కథ పసితనంలోనే ముగిసిపోయింది. అరవై ఏళ్లకూ మనిషి ఎదుగుతాడని, ఎదుగుదలలో తల్లిదండ్రులే కాక ఊరూ కాలమూ కూడా ఉన్నాయని గట్టిగా అన్నవాడు ఎరిక్‌సన్. ఆయన నుంచి తీసుకోవలసింది అది. వదలవలసింది వయసుల జాబితా. జోన్ మాత్రం ఆయన పోయాక, తన తొంభైల్లో, పటానికి తొమ్మిదో దశ కలిపారు. 1997లో అచ్చయింది. ఆ వయసులో ఒళ్లు తన మాట వినదు కనుక మొదటి గడిలోని అపనమ్మకం మళ్లీ తిరిగొస్తుందని, వెనక వదిలేశామనుకున్నవన్నీ ఒక్కొక్కటే తలుపు తడతాయని రాశారు. తొంభై ఏళ్ల ఆవిడ తన మోకాళ్ల సాక్షిగా ఆ ఖాళీ గడులను నింపారు. ఈ సంగతి మన సిలబస్‌లో లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి కూడా సిలబస్‌లో ఉండదు. 1990ల మొదట్లో అక్కడ పగలంతా కూలికి వెళ్లి రాత్రి లాంతరు దగ్గర పలక పట్టిన ఆడవాళ్లు, అక్షరాస్యత పాఠం చదువుతూ చదువుతూ తమ ఊరి సారా దుకాణం గురించి మాట్లాడుకున్నారు. దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు 'దూబగుంట రోశమ్మ'గా రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పలకా బలపం నాలుగో దశ, చొరవ మూడో దశ, ఊరి కోసం నిలబడటం ఏడో దశ. మూడూ ఒకే రాత్రి బడిలో జరిగాయి, అదీ వరస తప్పి. బడి ఈడు దాటిన ఈ ఆడవాళ్లకు మన పట్టికలో రాసిపెట్టి ఉన్నది 'న్యూనత'.

ఇది బిట్ల గొడవే అయితే ఇంత రాయను. ఈ పట్టిక నమ్మిన టీచరు తొమ్మిదో తరగతి పిల్లవాడికి లక్ష్యం లేదని ఫైలులో రాస్తాడు. పదహారేళ్ల పిల్ల ఎంపీసీయా బైపీసీయా తేల్చుకోలేకపోతే 'ఇప్పుడు తేలకపోతే ఇక ఎప్పుడూ తేలదు' అని ఇంట్లోవాళ్లు ఏడిపిస్తారు. నలభై అయిదేళ్ల మనిషి ఉద్యోగం వదిలి కొత్త పని మొదలుపెడితే 'ఈ వయసులో ఇదేం బుద్ధి' అంటారు. ఈ మాటలు అనేవాళ్లెవరూ ఎరిక్‌సన్‌ను చదవలేదు. కానీ చదివిన మేము గొంతు కలిపాం, మార్కులు వేశాం.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు, నాలాంటి కోచింగ్ మాస్టార్లకు ఒకటే మనవి. ముప్ఫై ఏళ్ల మనిషి అయోమయానికి 'పాత్ర సందిగ్ధం' అని పెట్టినవాళ్లకు మార్కు ఇవ్వండి. పట్టిక మళ్లీ అచ్చువేసేటప్పుడు వయసుల అంకెలు తీసేయండి, అరవై నాలుగు గడులూ వేయండి. యాభై ఆరింటిని ఖాళీగానే ఉంచండి.